ప్యాకెట్ వెనక దాక్కున్న చక్కెర: లేబుళ్లు చదవడంలో నా అనుభవం

చక్కెర తగ్గించాలనుకున్నవాళ్లు ముందు కాఫీ, టీల్లో మానేస్తారు, స్వీట్లు పక్కన పెడతారు. అది తేలికైన పని. ఆ చక్కెర కంటికి కనిపిస్తుంది, చెంచాతో వేసుకునేదీ మనమే. చిక్కంతా సూపు పొడి, సాసు, బ్రెడ్డు, మసాలా చిప్స్, దగ్గు మందుల్లో ఉండేదానితోనే. వాటిలో చాలావాటికి తీపి నాలుకకు తగలదు కాబట్టి అనుమానం రాదు. ఈ పథ్యంలో ఉంటూ లేబుళ్లు చదవగా చదవగా నాకంటూ ఒక వరుస కుదిరింది, అదే ఇక్కడ రాస్తున్నాను. పోషకాల పట్టిక ఒక్కటే చూస్తే బోల్తా పడతాం, పదార్థాల జాబితా ఒక్కటే చూసినా అంతే. రెండూ ఎదురెదురుగా పెట్టుకుని చదివితేనే అసలు సంగతి బయటపడుతుంది.

ముందు మన హద్దు ఎంతో తెలియాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం రోజంతా తినే తిండి ఇచ్చే శక్తిలో ఇలాంటి చక్కెర వాటా 10 శాతం దాటకూడదు, 5 శాతం లోపు ఉంటే ఇంకా మంచిది. రోజుకు 2000 కిలో కేలరీలు తినే మనిషికి ఇవి 50 గ్రాములు, 25 గ్రాములు అవుతాయి. తేనె, సిరప్‌లు, పండ్ల రసం ఈ లెక్కలోకి వస్తాయి. పండుగా కొరికి తిన్న పండు, పాలలో సహజంగా ఉండే లాక్టోజ్ రావు. చదునుగా నింపిన ఒక టీ స్పూను చక్కెర సుమారు 4 గ్రాములు కాబట్టి, 25 గ్రాములంటే ఆరు చెంచాలు.

మన దేశపు ప్యాకెట్ల మీద యాడెడ్ షుగర్స్ (బయటి నుంచి కలిపిన చక్కెర) ఎదురుగా ఒక శాతం కనిపిస్తుంది. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (మన దేశపు ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ) 2020 లేబులింగ్ నిబంధనల్లో ఆ శాతానికి కొలమానం 50 గ్రాములు. ఒక సర్వింగ్‌కు (ఒకసారి తినే మోతాదుకు) 20 శాతం అని ఉందంటే 10 గ్రాములన్నమాట. మీరు 25 గ్రాముల హద్దు పెట్టుకుంటే అదే సర్వింగ్ మీ కోటాలో 40 శాతం తినేస్తుంది. అంటే ప్యాకెట్ మీద ఏ శాతం ఉన్నా మీరు రెండింతలు చేసుకోవాలి. ఈ ఒక్క లెక్క తెలియక శాతం చిన్నదిగా ఉందని బుట్టలో వేసుకునేవాళ్లే ఎక్కువ.

పట్టికలో చూపు ఎక్కడ పడాలి

ప్యాకెట్ తిప్పగానే నేను వెతికేది '100 గ్రాములకు' అన్న నిలువు వరుస. పక్కనే ఉండే 'పర్ సర్వ్' వరుసను మొదట పట్టించుకోను. సర్వింగ్ ఎంతో నిర్ణయించేది కంపెనీ. గ్రనోలాకు 30 గ్రాములు అని రాస్తారు, గిన్నెలో పోసుకున్నప్పుడు చేతికి వచ్చేది 60, 70 గ్రాములు. బిస్కెట్లకు రెండు అని రాస్తారు, టీతో రెండు బిస్కెట్ల దగ్గర ఆగేవాళ్లు ఎంతమంది? 100 గ్రాముల అంకె పట్టుకుంటే రెండు కంపెనీల సరుకును పక్కపక్కన పోల్చవచ్చు. మనం నిజంగా తినే బరువుతో లెక్క తర్వాత కట్టుకోవచ్చు. ఇంట్లో వంటింటి త్రాసు ఉంటే మొదటి వారం మాత్రం తూచి చూడండి, ఆ తర్వాత చేతి అంచనా సరిపోతుంది.

కార్బోహైడ్రేట్ అన్న వరుస కింద టోటల్ షుగర్స్, దాని కింద యాడెడ్ షుగర్స్ ఉంటాయి. మొదటిది మొత్తం, రెండోది అందులో బయటి నుంచి కలిపింది. మారీ రకం బిస్కెట్లలో 100 గ్రాములకు మొత్తం చక్కెర 20 గ్రాముల చుట్టుపక్కల ఉంటుంది. ఒక్కో బిస్కెట్ ఐదారు గ్రాములు తూగుతుంది కాబట్టి నాలుగు తింటే ఒక చెంచాకు పైనే చక్కెర. చప్పగా ఉంటాయి, జ్వరం వచ్చినవాళ్లకు పెడతారు కదా అన్న ధైర్యం ఇక్కడ పనికిరాదు. టమాటా కెచప్‌లో 100 గ్రాములకు 20 నుంచి 30 గ్రాముల చక్కెర మామూలే. ఒక టేబుల్ స్పూను కెచప్ వేసుకుంటే దాదాపు ఒక చెంచా చక్కెర వేసుకున్నట్టే. పులుపూ ఉప్పూ కలిసి దాన్ని కప్పేస్తాయి.

ఎంత ఉంటే తక్కువ, ఎంత ఉంటే ఎక్కువ అనేదానికి చేతిలో ఒక కొలత ఉండాలి. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2018 నిబంధనల ప్రకారం 'లో షుగర్' అని రాసుకోవాలంటే గట్టి పదార్థంలో 100 గ్రాములకు 5 గ్రాములు, ద్రవాల్లో 100 మిల్లీలీటర్లకు 2.5 గ్రాములు మించకూడదు. 'షుగర్ ఫ్రీ' అనాలంటే 0.5 గ్రాములు మించకూడదు. ముందువైపు ఆ మాట ఉన్నా లేకపోయినా నేను ఈ అంకెలనే గీతగా పెట్టుకుంటాను. పై గీతకు మాత్రం బ్రిటన్‌ వాళ్ల రంగుల లేబుల్‌ను అరువు తెచ్చుకున్నాను. అక్కడ గట్టి పదార్థంలో 100 గ్రాములకు 22.5 గ్రాములు దాటితే ఎర్ర రంగు వేస్తారు.

పొడులు, షర్బత్తులు, టీ ప్రీమిక్స్‌ల దగ్గర ఇంకో మెలిక ఉంటుంది. పట్టిక పైన చిన్న అక్షరాల్లో 'తయారైన పానీయానికి' అని ఉందేమో చూడాలి. పొడికి కాకుండా నీళ్లు కలిపాక వచ్చే పానీయానికి అంకెలు ఇస్తే 100 మిల్లీలీటర్లకు ఎనిమిదో తొమ్మిదో గ్రాములే కనిపిస్తాయి. గ్లాసు 250 మిల్లీలీటర్లని గుర్తొస్తే ఆ తొమ్మిది ఇరవై రెండు దాటుతుంది. సుగంధి షర్బత్ లాంటి చిక్కటి సిరప్‌లు బరువులో సగానికి పైగా చక్కెరే, 30 మిల్లీలీటర్లు పోసుకుంటే 20 గ్రాములు లోపలికి వెళ్లినట్టే. ఎండాకాలం ఒక్క గ్లాసుతో ఆరు చెంచాల కోటా దాదాపు అయిపోతుంది.

పదార్థాల జాబితాను లెక్కగా చదవడం

అసలు పని ఇక్కడే ఉంది, కాబట్టి కాస్త నిదానంగా చెబుతాను. జాబితాలో పదార్థాలు బరువును బట్టి ఎక్కువ నుంచి తక్కువకు వరుసగా ఉండాలన్నది నిబంధన. చక్కెర మొదటి మూడింట్లో ఉంటే వదిలేయండి అనే సలహా అందరూ ఇస్తారు. కంపెనీలకూ ఆ సలహా తెలుసు. అందుకే ఒకే చక్కెరను నాలుగు పేర్లుగా చీలుస్తారు. ఒక్కోటీ విడిగా చిన్నదవుతుంది కాబట్టి ఓట్సో గోధుమపిండో పైకి తేలుతుంది.

ఒక ఓట్స్ బార్ మీద ఇలా ఉందనుకోండి: రోల్డ్ ఓట్స్ (30%), లిక్విడ్ గ్లూకోజ్, చక్కెర, రైస్ క్రిస్పీస్ (బియ్యప్పిండి, చక్కెర, మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్), కిస్‌మిస్ (8%), ఇన్వర్ట్ సిరప్, వనస్పతి నూనె, చాకో చిప్స్ (4%), తేనె (2%), లెసితిన్, ఉప్పు. ముందువైపు బొమ్మలో తేనె ధారగా కారుతూ ఉంటుంది.

ఇందులో శాతాలు రాసినవి నాలుగే. బొమ్మ వేసి గానీ పేరు పెట్టి గానీ గొప్పగా చెప్పుకున్న పదార్థానికి శాతం చూపించాలన్న నిబంధన వల్ల వచ్చినవి అవి. అవే మనకు గుర్తురాళ్లు. లిక్విడ్ గ్లూకోజ్, చక్కెర రెండూ 30కీ 8కీ మధ్యలో ఉన్నాయి, అంటే ఏదీ 8 శాతానికి తగ్గదు. ఇన్వర్ట్ సిరప్ 8కీ 4కీ మధ్యలో ఉంది. ఈ మూడూ కలిస్తే ఎంత తక్కువ వేసుకున్నా 20 శాతం. రైస్ క్రిస్పీస్ లోపల ఇంకొంచెం, కిస్‌మిస్‌లో దానిది, చాకో చిప్స్‌లో సగం దాకా చక్కెరే. తేనె అందరికంటే కింద 2 శాతం, 25 గ్రాముల బార్‌లో అది అర గ్రాము. ఇంత లెక్కకూ కాగితం అక్కర్లేదు, శాతం ఉన్న రెండు పదార్థాల మధ్య చక్కెర పేరు ఎక్కడ ఇరుక్కుందో చూస్తే చాలు.

చాకో చిప్స్ పక్కన వాటిలో ఏమున్నాయో రాయలేదని గమనించారా? తనలో తానే మరికొన్ని పదార్థాలున్న సరుకు మొత్తంలో 5 శాతం కంటే తక్కువైతే, దాని లోపలి జాబితా ఇవ్వనక్కర్లేదు, అందులో ఫుడ్ అడిటివ్‌లు ఉంటే అవి మాత్రం చెప్పాలి. ఆ చక్కెర జాబితాలో కనిపించకపోయినా పట్టికలోని టోటల్ షుగర్స్ అంకెలోకి రావాల్సిందే. జాబితా దాచినదాన్ని పట్టిక చెబుతుంది, పట్టిక దాచినదాన్ని జాబితా చెబుతుంది. రెండూ కలిపి చదవాలన్నది అందుకే.

పేర్లు బట్టీ పట్టడం కంటే కుటుంబాలుగా గుర్తుపెట్టుకోవడం మేలు. చివర్లో 'ఓజ్' అని పలికేవి ఒక కుటుంబం: సుక్రోజ్, డెక్స్‌ట్రోజ్, ఫ్రక్టోజ్, మాల్టోజ్, లాక్టోజ్. సిరప్‌లు ఇంకో కుటుంబం: గ్లూకోజ్ సిరప్, కార్న్ సిరప్, రైస్ సిరప్, ఇన్వర్ట్ సిరప్, గోల్డెన్ సిరప్, డేట్ సిరప్. మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్, బార్లీ మాల్ట్ సిరప్ మూడోది. పండ్ల రసం కాన్సన్‌ట్రేట్, ఫ్రూట్ పల్ప్ పేరుతో వచ్చే పేస్టులు నాలుగోది. బెల్లం, తాటిబెల్లం, ఖండ్సారి, కొబ్బరి చక్కెర, పటికబెల్లం, మొలాసెస్, తేనె మన ఇంటి కుటుంబం.

అనవసరంగా భయపడాల్సినవి కాని పేర్లూ ఉన్నాయి. సెల్యులోజ్ కూడా 'ఓజ్'తోనే ముగుస్తుంది, కానీ అది పీచు. సుక్రలోజ్ చక్కెర కాదు, కృత్రిమ తీపి. ఐఎన్‌ఎస్ (ఆహారంలో కలిపే రంగులు, తీపుల లాంటివాటికి ఇచ్చే అంతర్జాతీయ నంబరు) 150 అంటే కారమెల్ రంగు. మైదా బ్రెడ్డును బ్రౌన్ బ్రెడ్డుగా చూపించడానికి దాన్నే వాడతారు. అది మోసానికి ఆనవాలే గానీ చక్కెర లెక్కలోకి వచ్చేంత ఉండదు.

పట్టికకు చిక్కని పిండి

టోటల్ షుగర్స్ అనే అంకెలోకి ఒక కణం, రెండు కణాల చక్కెరలే వస్తాయి. గ్లూకోజ్, ఫ్రక్టోజ్ ఒక కణానివి. సుక్రోజ్, లాక్టోజ్, మాల్టోజ్ రెండు కణాలవి. అంతకంటే పొడవైన గొలుసులు కార్బోహైడ్రేట్ వరుసలో కలుస్తాయి, షుగర్స్ వరుసలో కనిపించవు. మాల్టోడెక్స్‌ట్రిన్ ఆ సందులోంచి జారుకుంటుంది. పిండిని కాస్త కాస్త విరగ్గొట్టి చేసిన పొడి అది. తీపి పెద్దగా ఉండదు. పేగుల్లో చకచకా గ్లూకోజ్‌గా విడిపోతుంది, రక్తంలో చక్కెరను పెంచే వేగంలో గ్లూకోజ్‌కు పెద్దగా తీసిపోదు. సూపు పొడులు, చిప్స్ మీద చల్లే మసాలా, ప్రొటీన్ పొడులు, ఇన్‌స్టంట్ మిక్స్‌లు అన్నిటా ఉంటుంది. కాఫీలో వేసుకునే స్వీటెనర్ సాచెట్లలో కూడా బరువు కోసం కలుపుతారు, అక్కడ మోతాదు గ్రాము లోపే కాబట్టి నేను పట్టించుకోను.

పైన చెప్పిన ఓట్స్ బార్‌లోని లిక్విడ్ గ్లూకోజ్ కథ కూడా సగం ఇదే. మిఠాయిల్లో ఎక్కువగా వాడే రకంలో గట్టి పదార్థంలో సగం కంటే తక్కువే షుగర్స్ కింద లెక్కకు వస్తుంది, మిగతాది పొడవు గొలుసులు. జాబితా చదివితే చక్కెర బాగా ఎక్కువ అనిపించి, పట్టికలో చూస్తే అంత లేదేమిటి అని అనుమానం వచ్చే చోట కారణం చాలాసార్లు ఇదే. లేబుల్ అబద్ధం చెప్పలేదు, మన ప్రశ్నకు మాత్రం జవాబు చెప్పలేదు.

అందుకే షుగర్ వ్యాధి ఉన్నవాళ్లు టోటల్ షుగర్స్ దగ్గర ఆగకూడదు. కార్బోహైడ్రేట్ 75, షుగర్స్ 2 అని ఉన్న బిస్కెట్ వాళ్లకు తక్కువ చక్కెర బిస్కెట్ కాదు, మైదా బిస్కెట్. కార్బోహైడ్రేట్ అంకె చూసి, ఆ తర్వాత పీచు ఎంత ఇచ్చారో చూడాలి.

పాల లెక్క, పండ్ల లెక్క

పాలలో 100 మిల్లీలీటర్లకు లాక్టోజ్ 5 గ్రాములకు కాస్త అటూ ఇటూ ఉంటుంది. పెరుగులో ఇంకొంచెం తక్కువ. ఈ ఒక్క అంకె గుర్తుంటే పాల సరుకంతా విప్పి చూడవచ్చు. 200 మిల్లీలీటర్ల బాదం పాల సీసాలో మొత్తం షుగర్స్ 22 గ్రాములు అని ఉంటే, అందులో పాలది 9, 10 గ్రాములు తీసేయండి. మిగిలిన పన్నెండు బయటి నుంచి వచ్చింది, మూడు చెంచాలు. పండ్ల రుచుల పెరుగు కప్పులకూ ఇదే తీసివేత. చప్పటి పెరుగు ప్యాకెట్ మీద షుగర్స్ 4 గ్రాములు కనిపిస్తే కంగారు పడనక్కర్లేదు, జాబితాలో పాలు, తోడు తప్ప ఇంకేమీ లేకపోతే అది లాక్టోజే. కొత్తగా లేబుళ్లు చదవడం మొదలుపెట్టినవాళ్లు ఈ నాలుగు గ్రాములకు బెదిరి పెరుగు మానేసి, కెచప్ మాత్రం వేసుకుంటూ ఉంటారు.

పాల పొడి అయితే ఈ లెక్క మారుతుంది. నీరంతా పోయింది కాబట్టి వెన్న తీసిన పాలపొడిలో సగం దాకా లాక్టోజే. మాల్ట్ పానీయాల పొడుల్లో టోటల్ షుగర్స్‌కీ యాడెడ్ షుగర్స్‌కీ మధ్య పెద్ద తేడా కనిపించడానికి మిల్క్ సాలిడ్స్ ఒక కారణం. ధాన్యం మొలకెత్తినప్పుడు పుట్టిన మాల్టోజ్ ఇంకొకటి. ఈ పానీయాలను 'హెల్త్ డ్రింక్స్' విభాగంలో పెట్టవద్దని ఆన్‌లైన్ అమ్మకందారులకు 2024 ఏప్రిల్‌లో ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ చెప్పింది. మన ఆహార చట్టంలో అలాంటి విభాగమే లేదు.

ఓట్స్ పాలది ఇంకో తమాషా. చక్కెర కలపకపోయినా తియ్యగా ఉంటాయి. ఓట్స్ పిండిని ఎంజైమ్‌తో పలుచన చేసేటప్పుడు కొంత మాల్టోజ్‌గా మారుతుంది. ఎంజైమ్‌తో పిండిని విడగొట్టి చక్కెర పెరిగేలా చేస్తే 'నో యాడెడ్ షుగర్' అనకూడదని మన 2018 నిబంధనలే చెబుతాయి. ఆ మాట ముందువైపు ఉండి, లోపల షుగర్స్ ఎక్కువ కనిపిస్తే ఈ నిబంధన గుర్తు చేసుకోండి.

అదే నిబంధన ప్రకారం చక్కెర బదులు పండ్ల రసం కాన్సన్‌ట్రేట్, ఎండు పండ్ల పేస్టు వాడినా 'నో యాడెడ్ షుగర్' చెల్లదు. ఖర్జూరం పేస్టుతో చేసిన బార్‌ల మీద ఆ మాట కనిపిస్తే నేను మొదట ఇదే వెతుకుతాను. ఎండు ఖర్జూరంలో మూడింట రెండు వంతుల దాకా చక్కెరే. పీచు ఉంది, ఖనిజాలు ఉన్నాయి, కాదనను, కానీ నలభై గ్రాముల బార్ తిన్నాక రక్తంలో కనిపించేది ఆ చక్కెరే.

పండ్ల రసాల డబ్బాలకు వస్తే, యాపిల్ రసంలో చుక్క చక్కెర కలపకపోయినా 100 మిల్లీలీటర్లకు 10 గ్రాములు ఉంటుంది, ద్రాక్ష రసంలో 15 దాకా. నీళ్లు కలిపి తిరిగి తయారుచేసిన రసాల మీద '100 శాతం పండ్ల రసం' అన్న మాట తీసేయాలని 2024 జూన్‌లో ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆదేశించింది. కలిపిన చక్కెర కిలోకు 15 గ్రాములు దాటితే 'స్వీటెన్డ్ జ్యూస్' అని రాయాలని కూడా గుర్తు చేసింది. డబ్బా మీద ఆ మాట వెతకండి, ఉంటుంది, బొమ్మకు దూరంగా ఉంటుంది.

మిల్లెట్ బిస్కెట్లు, రాగి మాల్ట్, బెల్లం

హైదరాబాద్, విజయవాడల్లో ఇప్పుడు ప్రతి ఆర్గానిక్ కొట్లోనూ కొర్ర బిస్కెట్లు, జొన్న కుకీలు, రాగి లడ్డూలు ఉన్నాయి. ముందువైపు 'నో మైదా, నో వైట్ షుగర్' అని ఉంటుంది. వెనక తిప్పితే బెల్లం, వెన్న, ఆ తర్వాత కొర్రపిండి అన్న వరుస కూడా కనిపిస్తుంది. బెల్లంలో చాలా భాగం సుక్రోజే. కాస్త ఇనుము, ఇతర ఖనిజాలు మిగులుతాయి, కానీ చక్కెర తగ్గించేవాళ్ల లెక్కలో గ్రాముకు గ్రాము చక్కెర కిందే రాసుకోవాలి. కొన్ని చిన్న తయారీదారుల ప్యాకెట్లలో జాబితాలో బెల్లం ఉండి, యాడెడ్ షుగర్స్ దగ్గర సున్నా ఉండటం నా కంటపడింది. బెల్లం చక్కెర కాదన్న నమ్మకంతో వేసిన సున్నా అది. అక్కడ సున్నాను వదిలేసి టోటల్ షుగర్స్ అంకెనే పట్టుకోండి. మిల్లెట్ పిండిలో సహజంగా ఉండే చక్కెర చాలా తక్కువ కాబట్టి కనిపించేదంతా దాదాపు బెల్లందే.

రాగి మాల్ట్ కొనేటప్పుడు ఉత్త రాగి పిండో, కలిపిన మిక్సో ముందు తేల్చుకోండి. రెండు ప్యాకెట్లూ ఒకే అరలో, ఒకేలాంటి బొమ్మతో ఉంటాయి. మిక్స్‌లో చక్కెరో బెల్లమో మొదటి రెండు పదార్థాల్లో ఉంటుంది. ఉత్త పిండి కొని మజ్జిగలో కలుపుకుని అంబలిగా తాగితే లేబుల్ చదివే పనే ఉండదు.

ఓఆర్‌ఎస్ పేరుతో అమ్మినవి

ఇది చక్కెర దాచడంలో కెల్లా ప్రమాదకరమైన రకం, తాగేది విరేచనాలతో నీరసించిన పిల్లలు కాబట్టి. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం ఓఆర్‌ఎస్‌లో లీటరుకు గ్లూకోజ్ 13.5 గ్రాములు, ఉప్పు 2.6, పొటాషియం క్లోరైడ్ 1.5, ట్రైసోడియం సిట్రేట్ 2.9 గ్రాములు ఉంటాయి. అన్నీ కలిపి 20.5 గ్రాముల పొడి. దాని పేరు పెట్టుకుని టెట్రా ప్యాక్‌లలో అమ్మిన పండ్ల రుచుల పానీయాల్లో చక్కెర దానికి ఎన్నో రెట్లు ఉండేది. పేగుల్లో చక్కెర అంత చిక్కగా ఉంటే నీరు లోపలికి పీల్చుకోవడం పోయి బయటికి లాగుతుంది, విరేచనం పెరుగుతుంది. హైదరాబాద్ పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ దీని మీద ఏళ్ల తరబడి పోరాడారు. చివరికి 2025 అక్టోబరులో ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ, సూత్రం ప్రకారం లేని ఆహార పానీయాల పేర్లలో ఓఆర్‌ఎస్ అన్న మాట వాడకూడదని ఆదేశించింది. పేరు మారిన ప్యాకెట్లు అదే అరలో ఉండవచ్చు. మందుల షాపులో అడిగేటప్పుడు 'డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములా ఓఆర్‌ఎస్ పొడి' అని అడిగి, సాచెట్ మీద పై అంకెలు ఉన్నాయో లేదో చూసుకోండి.

మందుల షాపులోనే ఇంకొన్ని ఉన్నాయి. దగ్గు సిరప్‌ల మీద 'ఫ్లేవర్డ్ సిరపీ బేస్' అని ఉంటే అది చక్కెర పాకం. 5 మిల్లీలీటర్ల మోతాదుకు రెండు మూడు గ్రాములు ఉండవచ్చు, రోజుకు మూడుసార్లు వేసుకుంటే లెక్కకు వస్తుంది. చాలా సిరప్‌లకు షుగర్ ఫ్రీ రకం దొరుకుతుంది, అడిగితే ఇస్తారు. నారింజ రుచి ఇసబ్గోల్ పొడిలో చక్కెర బాగా ఎక్కువ, ఉత్త ఇసబ్గోల్‌లో కలిపిన చక్కెర ఉండదు. చ్యవనప్రాశ సంగతి చెప్పనక్కర్లేదు, మొదటి పదార్థాలు చూడండి.

షుగర్ ఫ్రీ అన్నప్పుడు

షుగర్ ఫ్రీ చాక్లెట్లు, బిస్కెట్లలో ఐఎన్‌ఎస్ అంకెలు చూడాలి. 950, 951, 954, 955, 960 వరుసగా ఎసిసల్ఫేమ్ పొటాషియం, ఆస్పర్టేమ్, సాకరిన్, సుక్రలోజ్, స్టీవియా. వీటిలో చక్కెర లేదు. 420 సార్బిటాల్, 421 మానిటాల్, 965 మాల్టిటాల్, 967 జైలిటాల్, 968 ఎరిత్రిటాల్. వీటిని పాలియాల్స్ అంటారు, షుగర్స్ వరుసలోకి రావు. అన్నీ ఒకలాంటివి కావు. ఎరిత్రిటాల్ రక్తంలో చక్కెరను దాదాపు పెంచదు, మాల్టిటాల్ కొంత పెంచుతుంది. ఎక్కువ తింటే కడుపు ఉబ్బరం, విరేచనం, లేబుల్ మీద హెచ్చరిక కూడా ఉంటుంది. బరువు తగ్గడానికి కృత్రిమ తీపుల మీద ఆధారపడవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో సూచించింది. నేనైతే వీటిని తీపి అలవాటు తగ్గేదాకా మధ్యలో వాడుకునే సరుకుగానే చూస్తాను.

ఇన్సులిన్ గానీ, గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు గానీ వాడేవాళ్లు చక్కెరను ఒక్కసారిగా కోసేసే ముందు డాక్టరుతో మాట్లాడాలి, మోతాదు మార్చాల్సి రావచ్చు. చక్కెర పడిపోయి చెమటలు పడితే షుగర్ ఫ్రీ బిస్కెట్, డైట్ కోలా ఎందుకూ పనికిరావు. అప్పుడు కావలసింది 15 గ్రాముల గ్లూకోజ్ పొడి. ఇంట్లో చక్కెర సరుకంతా ఏరి పారేసేవాళ్లు ఆ ఒక్క డబ్బా మాత్రం ఉంచాలి.

అమెరికాలో ఉన్న మనవాళ్లకు పని కాస్త తేలిక. అక్కడ పెద్ద కంపెనీలకు 2020 జనవరి నుంచి యాడెడ్ షుగర్స్ వరుస తప్పనిసరి, శాతానికి కొలమానం మనలాగే 50 గ్రాములు. అయితే అంకెలు ప్రధానంగా సర్వింగ్‌కే ఇస్తారు, సర్వింగ్‌కు అర గ్రాము లోపు ఉంటే సున్నా అని రాసుకోవచ్చు. బ్రిటన్‌, యూరప్‌లలో అంకెలు 100 గ్రాములకు ఉంటాయి గానీ కలిపిన చక్కెర వరుస విడిగా ఉండదు. అక్కడ పాల తీసివేత, జాబితా గుర్తురాళ్లే దారి.

ఇక్కడ చిన్న ప్యాకెట్లతో ఒక ఇబ్బంది ఉంది. ప్యాకెట్ మొత్తం పైభాగం 100 చదరపు సెంటీమీటర్లు మించకపోతే పదార్థాల జాబితా, పోషకాల పట్టిక దాని మీద వేయనక్కర్లేదు. అవి బయటి పెద్ద డబ్బా మీద ఉండాలి. కిరాణా కొట్టులో దండలా వేలాడే చాక్లెట్లు, సాచెట్లు ఆ కోవలోవి. అదే సరుకు పెద్ద ప్యాకెట్ ఎక్కడ కనిపించినా ఒక ఫొటో తీసి పెట్టుకుంటాను. ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు వెనకవైపు ఫొటో పాతది కావచ్చు, సరుకు వచ్చాక ఇంకోసారి చూడాలి. ప్యాకెట్ రంగు మారినా, 'న్యూ రెసిపీ' అని మెరుపు చుక్క పెట్టినా, బరువు 100 గ్రాముల నుంచి 90కి తగ్గినా జాబితా మళ్లీ మొదటి నుంచి చదువుతాను. కొత్త డిజైన్‌తో పాటు చాలాసార్లు లోపలి పాళ్లు కూడా మారతాయి, చక్కెర కొన్నిసార్లు తగ్గుతుంది కూడా.